అప్‌డేట్: 10 రికార్డుల దగ్గరే ఆగిపోయే సమస్య తీరింది
రైన్ నది మ్యాపుల మెటాడేటాను (ఒక్కో మ్యాపు గురించిన వివరాల రికార్డులను) జర్మనీ, నెదర్లాండ్స్ ఆన్‌లైన్ కేటలాగుల నుంచి ఒకేచోటికి లాగుతుంటే ప్రతిసారీ సరిగ్గా 10 రికార్డులే వస్తున్నాయని మొన్న అడిగాను కదా. సర్వర్ల తప్పేమీ లేదు. ఇలాంటి కేటలాగుల్లో వెతకడానికి వాడే సీఎస్‌డబ్ల్యూ 2.0.2 ప్రమాణంలో, ఒకసారికి ఎన్ని రికార్డులు కావాలో చెప్పే ‘మాక్స్‌రికార్డ్స్’ ఇవ్వకపోతే డిఫాల్ట్ 10! జవాబులో వచ్చే ‘నెక్స్ట్‌రికార్డ్’ (తర్వాతి రికార్డు) అంకెను మళ్లీ ‘స్టార్ట్‌పొజిషన్’గా (మొదలుపెట్టాల్సిన చోటుగా) పంపుతూ, అది 0 అయ్యేదాకా లూప్ తిప్పాను. అన్నీ దిగిపోయాయి. రెండు రోజులు పాపం ఫైర్‌వాల్‌ను తిట్టుకున్నాను.

ఇక భాషల గొడవ. యూరోపియన్ యూనియన్ మ్యాపు డేటా నియమాలైన ఇన్‌స్పైర్‌లో నదులు, చెరువుల వంటి నీటి వనరుల థీమ్ ఒకటే అయినా, దాని పేరు జర్మన్‌లో ‘గెవెస్సర్‌నెట్జ్’, డచ్‌లో ‘హైడ్రోగ్రఫీ’. పేరుతో కాకుండా ఆ థీమ్‌కు ఉన్న ‘హెచ్‌వై’ కోడ్‌తో వెతికితే రెండూ దొరుకుతున్నాయి. కోడ్ లింకు లేని రికార్డులకు మాత్రం కూర్చుని ఏ పేరు ఏ కోడ్‌దో చేత్తో పట్టిక రాసుకుంటున్నాను.