జెర్మాట్‌లో వేసవి వారం: వంటగది ఉన్న ఫ్లాటా, రాత్రి భోజనంతో కలిపి హోటలా?

సరస్సుదారి:
జూలై చివర్లో స్విట్జర్లాండ్ కొండల్లోని జెర్మాట్‌లో ఏడు రాత్రులు. పెద్దలు నలుగురు, పిల్లలు ఇద్దరు, అందరూ శాకాహారులే. వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుందని కొందరు, సెలవుకెళ్ళి వంట చెయ్యడమేంటని కొందరు అంటున్నారు. తెలిసినవాళ్ళు లెక్కతో సహా చెప్పగలరు.

పప్పుగుత్తి:
ఆరుగురికి, ఏడు రాత్రులకి ఫ్లాటే. కాకపోతే ఫొటోలో వంటగది కనిపించగానే బుక్ చెయ్యకండి. పొయ్యి ఏ రకమో ముందు రాతపూర్వకంగా అడగండి. అక్కడ గ్యాస్ ఆశించొద్దు, ఉండేది గాజు పలక కరెంటు పొయ్యే. అందులో రెండు రకాలు. ఇండక్షన్ అయితే మన అల్యూమినియం కుక్కర్ అస్సలు వేడెక్కదు. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కర్ కావాలి. పలక కింద తీగ ఎర్రబడే రకమైతే ఏ కుక్కరైనా పనిచేస్తుంది, కానీ ఆపేశాక కూడా పలక చాలాసేపు వేడిగానే ఉంటుంది. ఆపాం కదా అని కుక్కర్ దానిమీదే వదిలేస్తే పప్పు అడుగంటుతుంది. చివరి విజిల్‌కి ముందే ఆపండి, లేదా పక్కకి దించండి. గాజు మీద జరపొద్దు, ఎత్తి పెట్టండి. గీతలు పడితే డిపాజిట్‌లో కోస్తారు.

ఊరు దాదాపు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత పెట్టిన మామూలు గిన్నెలో కందిపప్పు గంట దాటినా పలుకుగానే ఉండొచ్చు. కుక్కర్‌లో అయితే ఇబ్బంది లేదు, లోపల ఆవిరి 118 డిగ్రీల దాకా వెళ్తుంది. ఇంట్లో పెట్టే సమయానికి ఆరో వంతు కలిపితే చాలు. ఇంట్లో మూడు విజిల్స్ అయితే అక్కడ నాలుగు.

రైలుకూత:
పప్పుగుత్తి గారూ, మీ లెక్కలో సగమే ఉంది. ఫ్లాట్ అద్దె పక్కన ఆఖరి శుభ్రతకి విడిగా రుసుము ఉంటుంది, కొన్నిచోట్ల దుప్పట్లు, తువ్వాళ్ళకి కూడా. రెండు రాత్రులు ఉన్నా అదే రుసుము, పది రాత్రులు ఉన్నా అదే. పర్యాటక పన్ను తలకి ఇంత చొప్పున రెండు చోట్లా పడుతుంది కాబట్టి అందులో తేడా లేదు. జూలై, ఆగస్టుల్లో చాలా ఫ్లాట్లు శనివారం నుంచి శనివారం దాకా మాత్రమే ఇస్తారు. విమానం బుధవారం దిగితే ఆ మధ్య రోజుల బస ఖర్చు కూడా ఫ్లాట్ ఖాతాలోనే రాసుకోవాలి.

ఇంకోటి, చోటు. జెర్మాట్‌లోకి పెట్రోల్ కార్లు రావు. స్టేషన్ దగ్గర సరుకులు కొని ఊరి పైభాగంలోని వింకెల్‌మాటెన్ వైపు ఫ్లాట్‌కి నడిస్తే ఇరవై నిమిషాల పైనే, అదీ ఎగువకి. ఆరుగురికి పాలు, పెరుగు, కూరగాయలు రోజూ ఎవరు మోస్తారు? ఎలక్ట్రిక్ బస్సు ఉంది, కానీ దాని వేళలు చూసుకోవాలి. వంట, అంట్లు కలిపి రోజుకి రెండు గంటలు పోతాయి, అవి ఎవరి గంటలో మీ ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఆడవాళ్ళు ఊరు మారి అదే వంటగదిలో నిలబడితే దాన్ని ఆదా అని నేను అనను.

పప్పుగుత్తి:
ఆ చివరి మాటకి ఎదురు చెప్పను, వంతులు వేసుకోవాల్సిందే. కానీ శాకాహారులకి హోటల్ రాత్రి భోజనం గురించి కూడా చెప్పాలి కదండీ. వారంలో నాలుగు రోజులు చీజే వస్తుంది: రాక్లెట్, ఫాండ్యూ (రెండూ కరిగించిన చీజే), చీజు పాస్తా, చీజు వేసిన రోస్టీ (బంగాళాదుంప తురుము అట్టు). సంప్రదాయ స్విస్ గట్టి చీజుల కోసం పాలని చాలావరకు దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తోనే విరగ్గొడతారు. కూరగాయల సూప్ అన్నది కూడా మాంసం మరిగించిన నీళ్ళతో చేసిందేమో అడగాలి. నియమంగా ఉండే పెద్దవాళ్ళు ఉంటే ఇది చిన్న విషయం కాదు.

రెండో లాభం పొద్దున్నే కదలడం. అక్కడ వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుముల వాన సర్వసాధారణం. కొండ మీది కేబుల్ కారు స్టేషన్ బ్లౌహెర్డ్ నుంచి స్టెల్లీజే సరస్సుకి గాలి లేవకముందు చేరితేనే నీళ్ళలో మాటర్‌హార్న్ శిఖరం నీడ నిలకడగా కనిపిస్తుంది. ఫ్లాట్‌లో రాత్రే పులిహోర కలుపుకుంటే బ్లౌహెర్డ్ దారిలో మొదటి మజిలీ అయిన సున్నెగ్గాకి వెళ్ళే మొదటి బండి అందుకోవచ్చు. ఐదు సరస్సుల దారి రెండున్నర, మూడు గంటల నడక. పిల్లలతో ఐదు గంటలనుకోండి, దారిలో డబ్బా విప్పుకోవచ్చు.

మ్యూనిక్‌బండి:
జర్మనీ నుంచి కారులో వచ్చేవాళ్ళకి: కారు జెర్మాట్‌కి ముందు ఊరైన టేష్‌లోనే ఆగిపోవాలి, అక్కడి నుంచి 12 నిమిషాల షటిల్ రైలు. టేష్‌లో ఫ్లాట్లు చవగ్గా కనిపిస్తాయి గానీ, ఆరుగురు రోజూ రానూ పోనూ టికెట్ కొంటే ఆ తేడా కరిగిపోతుంది. స్విస్ ట్రావెల్ పాస్ (పర్యాటకులకిచ్చే రైలు, బస్సు పాస్) చేతిలో ఉన్నవాళ్ళకే టేష్ లాభం, ఆ రైలు పాస్‌లో వస్తుంది. జెర్మాట్ నుంచి కొండ మీదికెళ్ళే గోర్నర్‌గ్రాట్ రైలుకి మాత్రం పాస్ ఉన్నా సగం ధర కట్టాలి.

డిక్కీ నిండా సరుకులు తెచ్చుకోవచ్చు, సరిహద్దు పరిమితి దాటకుండా. 2025 నుంచి తలకి 150 ఫ్రాంకుల విలువ దాకా పన్ను లేదు. వెన్న, క్రీమ్ కలిపి తలకి కిలో, మాంసం తినేవాళ్ళకి అదీ కిలో.

ఇండియా నుంచి నేరుగా దిగేవాళ్ళకి వేరే కథ. నెయ్యి, పాలకోవా, పన్నీరు, మాంసం దేన్నీ తేకూడదు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు, కరివేపాకు పొడి చేసుకుని తెచ్చుకోండి. నెయ్యి లేదని బెంగ వద్దు, అక్కడి దుకాణాల్లో బ్రాట్‌బటర్ పేరుతో అమ్మేది కాచిన వెన్నే. పక్కనే నూనె కలిపినవీ ఉంటాయి, డబ్బా మీద చదివి తీసుకోండి.

హ్యూస్టన్‌తెలుగు:
మధ్యలో వస్తున్నా. కుక్కర్ మోయడం ఎందుకు, అమెరికా రైస్ కుక్కర్ తెస్తే సరిపోదా?

పప్పుగుత్తి:
వద్దండీ. అది 120 వోల్టులది, అక్కడ 230. దాదాపు రెండు రెట్లు కరెంటు లాగి, నాలుగు రెట్ల దాకా వేడి పుట్టి కాలిపోతుంది. ఫోన్ ఛార్జర్లకి వాడే చిన్న అడాప్టర్ వోల్టేజ్‌ని మార్చదు. ఇండియా రైస్ కుక్కర్ పనిచేస్తుంది గానీ, స్విస్ సాకెట్‌కి మూడు సన్నటి గుండ్రటి పిన్నుల అడాప్టర్ కావాలి. జర్మనీ లావు ప్లగ్ కూడా అందులో దూరదు.

అన్నం మామూలు గిన్నెలోనూ వండొచ్చు. బియ్యం అరగంట నానబెట్టి, నీళ్ళు ఇంకాస్త ఎక్కువ పోసి, మూత తియ్యకుండా ఉంచాలి. కుక్కర్ లేకపోతే కందిపప్పు జోలికి పోకుండా ఎర్ర మసూర్ పప్పు కొనండి. అక్కడి సూపర్‌మార్కెట్లు కోప్‌లోనూ మిగ్రోస్‌లోనూ దొరుకుతుంది, ఇరవై ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది.

ఆరు రాత్రులు వండితే బియ్యం పెద్దవాళ్ళకి పూటకి 100 గ్రాములు, పిల్లలకి 60 చొప్పున మొత్తం మూడు కిలోల పైచిలుకు. పప్పు కిలోంబావు. సోనా మసూరి అక్కడ వెతకొద్దు, బాస్మతితో సరిపెట్టుకోండి లేదా జూరిక్‌లో ఇండియన్ దుకాణంలో కొని రైలెక్కండి. పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయండి. చాలా ఫ్లాట్లలో పొయ్యి మీది ఫ్యాన్ గాలిని బయటికి పంపదు, బొగ్గు ఫిల్టర్ గుండా మళ్ళీ గదిలోకే వదుల్తుంది.

రైలుకూత:
సరే, ఏడు రాత్రులు, ఆరుగురు, నియమమున్న పెద్దలు అంటే ఫ్లాట్ అని ఒప్పుకుంటాను. మూడు నాలుగు రాత్రులకి, ఇద్దరికి అయితే హోటలే అన్నది నా మాట, దాన్ని మార్చుకోను. సరస్సుదారి గారూ, బుక్ చేసేముందు యజమానిని ఇవి అడగండి: పొయ్యి ఇండక్షనా కాదా, స్టేషన్ నుంచి ఎన్ని మెట్లు, ఆఖరి శుభ్రత ఎంత, చెత్త సంచులు వాళ్ళిస్తారా లేక చెత్త రుసుము ధరలోనే కలిసిన సంచులు మనం కొనాలా. పెద్దవాళ్ళలో ఎవరికైనా గుండె జబ్బు ఉంటే 3,883 మీటర్ల ఎత్తుకి కేబుల్ కారులో వెళ్ళే గ్లేసియర్ పారడైజ్ టికెట్ ముందే కొనొద్దు, డాక్టర్‌ని అడిగాకే.