టీవీలో బొమ్మ వస్తోంది, మాట రావడం లేదు: పాత డెస్క్‌టాప్, హెచ్‌డీఎంఐ కేబుల్

ప్రశ్న (అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. మా నాయనగారు ఏటా శ్రీరామనవమి పందిట్లో, మా ఊరి రామాలయం ముందు హరికథ చెప్పేవారు. ఆయన కాలం చేసి రెండేళ్లయింది. పెళ్లిళ్లకు వీడియోలు తీసే మా ఊరి అబ్బాయి ఒకరు అప్పట్లో చిన్న టేపుల కెమెరాతో ఆ కథలను తీసి, తర్వాత వాటిని మా ఇంట్లోని డెస్క్‌టాప్ కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చారు. మా అమ్మకు చిన్న మానిటరు కంటికి ఆనదు, ఆ పక్కనున్న చిన్న స్పీకర్ల మాట చెవికి ఎక్కదు. అందుకని కంప్యూటరును హాల్లో ఉన్న 32 అంగుళాల టీవీకి హెచ్‌డీఎంఐ కేబులుతో కలిపాను. బొమ్మ చక్కగా వస్తోంది కానీ శబ్దం మాత్రం ఒక్క ముక్క కూడా రావడం లేదు.

నేను చేసి చూసినవి చెబుతాను. టీవీ వాల్యూమ్ పూర్తిగా పెంచాను. సెట్‌టాప్ బాక్సు పెడితే టీవీలో మాట బాగానే వినిపిస్తోంది. కేబుల్ తీసేస్తే కంప్యూటరు స్పీకర్లు మామూలుగానే పలుకుతున్నాయి. కేబులే చెడిందేమోనని నెల్లూరు ట్రంకు రోడ్డులో మరొకటి కొని తెచ్చినా ఫలితం లేదు. పెన్‌డ్రైవులో వేసి నేరుగా టీవీకి పెడదామంటే, ఒక గంట కథే దాదాపు 13 జీబీ ఉండటం వల్ల అది ఎక్కలేదు. ఇంకో పెన్‌డ్రైవులో ఎక్కినా ఆ ఫైలును టీవీ తెరవలేదు. కంప్యూటరులో ఉన్నది విండోస్ 10. నిన్న సాయంత్రం తెర మీద నాయనగారు చేయెత్తి చిరతలు ఆడిస్తుంటే, అమ్మ మంచం మీద నుంచి ముందుకు వంగి, "ఏమంటున్నాడే మీ నాయన?" అని నన్ను అడిగింది. దీనికి దారి ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (ఒంగోలు, కంప్యూటర్ల మరమ్మతు)

అమ్మా, మీరు వివరంగా రాయడం వల్ల సగం పని తగ్గింది. సెట్‌టాప్ బాక్సు శబ్దం వస్తోంది కాబట్టి టీవీ స్పీకర్లు బాగున్నాయి; కేబుల్ మార్చారు కాబట్టి దాన్ని కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టవచ్చు. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మనూ శబ్దాన్నీ కలిపి తీసుకువెళుతుందన్నది నిజమే కానీ, బొమ్మ వెళ్లిన దారిలోనే శబ్దం దానంతట అది వెళ్లాలనే నియమం లేదు. కంప్యూటరు దృష్టిలో ఆకుపచ్చ జాక్‌కు కలిపిన స్పీకర్లు ఒక పరికరం, హెచ్‌డీఎంఐ గుండా వినిపించే టీవీ మరొక పరికరం. విండోస్ ఒకసారికి వీటిలో ఒకదాన్ని ప్రధానంగా ఎంచుకుని దానికే శబ్దాన్ని పంపుతుంది. చాలా ఇళ్లలో వచ్చే చిక్కు ఇదే.

ముందుగా టీవీ వేసి, రిమోటుతో ఆ హెచ్‌డీఎంఐ సోర్సులోకి వెళ్లి, ఆ తర్వాత కంప్యూటరును ఆన్ చేయండి. తాను ఎలాంటి శబ్దం తీసుకోగలనో టీవీయే ఆ కేబుల్ గుండా కంప్యూటరుకు తెలియజేస్తుంది కనుక, టీవీ ఆపి ఉన్నప్పుడు దాని పేరు జాబితాలో కనిపించకపోవచ్చు. ఇప్పుడు తెర కింద కుడి మూలనున్న స్పీకరు గుర్తును నొక్కితే వాల్యూమ్ గీత పైన ఒక పరికరం పేరు ఉంటుంది. ఆ పేరును నొక్కితే మిగిలిన పరికరాలు కూడా వరుసగా కనిపిస్తాయి. అందులో మీ టీవీ పేరు గానీ, ఇంటెల్ డిస్‌ప్లే ఆడియో, ఎన్‌విడియా హై డెఫినిషన్ ఆడియో వంటి పేరు గానీ ఉంటే దాన్ని ఎంచుకోండి. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరులో చూస్తున్నట్లయితే, దాని ఆడియో మెనూలో ఆడియో డివైస్ అనే చోట కూడా అదే ఉందో లేదో చూడండి, ఎందుకంటే అక్కడ వేరే పరికరాన్ని విడిగా ఎంచుకుని ఉండే వీలుంది.

పేరే కనిపించకపోతే, కంప్యూటరులోని పరికరాలన్నిటినీ చూపే డివైస్ మేనేజరులో సౌండ్ పరికరాల వరుసను తెరిచి, లోపాన్ని సూచించే పసుపు గుర్తు ఏమైనా ఉందేమో గమనించండి. ఇక్కడ చాలామంది సౌండ్ డ్రైవరును (శబ్ద పరికరాన్ని విండోస్‌తో నడిపించే చిన్న సాఫ్ట్‌వేరును) తీసి మళ్లీ వేస్తూ ఒక పూట వృథా చేసుకుంటారు. హెచ్‌డీఎంఐ శబ్దానికి కావలసిన డ్రైవరు సాధారణంగా గ్రాఫిక్స్ డ్రైవరుతో కలిసి వస్తుంది కాబట్టి, కంప్యూటరు తయారీదారు వెబ్‌సైటు నుంచి ఆ గ్రాఫిక్స్ డ్రైవరును దించి వేయాలి.

ప్రశ్న వేసినవారు

అన్నగారూ, మీరు చెప్పిన వరుసలోనే చేశాను. జాబితాలో స్పీకర్స్ రియల్‌టెక్ అనే పేరు ఒక్కటే ఉంది. డివైస్ మేనేజరులో పసుపు గుర్తులు లేవు. గ్రాఫిక్స్ డ్రైవరు కూడా కొత్తగా వేసి కంప్యూటరును రెండుసార్లు ఆపి వేశాను కానీ రెండో పేరు రాలేదు.

జవాబు (కనిగిరి)

మేడమ్, కేబుల్ రెండో కొన కంప్యూటరు వెనుక సరిగ్గా ఎక్కడ గుచ్చి ఉందో ఒకసారి చూసి చెప్పగలరా? పాత డెస్క్‌టాపులు చాలావాటికి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉండదు.

ప్రశ్న వేసినవారు

టార్చి వేసి చూశాను. కేబుల్ నేరుగా కంప్యూటరులోకి వెళ్లడం లేదు. మధ్యలో రెండంగుళాల కన్వర్టరు ఒకటి ఉంది. దాని ఒక వైపు హెచ్‌డీఎంఐ ఎక్కుతుంది, రెండో వైపు తెల్లగా, వెడల్పుగా, వరుసలుగా సూదులతో, అటూ ఇటూ బిగించే రెండు మరలతో ఉంది. కేబుల్ అమ్మిన అంగడివాళ్లే నా కంప్యూటరు వెనుక భాగం ఫోటో చూసి దీన్ని కూడా ఇచ్చారు.

జవాబు (పొదిలి, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు)

అమ్మాయీ, మీ శబ్దం ఎక్కడ ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది. ఆ తెల్లని వెడల్పాటి రంధ్రం పేరు డీవీఐ. 1999లో వచ్చిన ఆ పద్ధతిని కంప్యూటరు నుంచి మానిటరుకు బొమ్మ పంపడానికే తయారు చేశారు. శబ్దానికి అందులో చోటు పెట్టలేదు. 2002 డిసెంబరులో వచ్చిన హెచ్‌డీఎంఐ, బొమ్మను పంపే విషయంలో డీవీఐ పద్ధతినే తీసుకుని దానికి శబ్దాన్ని కూడా చేర్చింది. బొమ్మ భాష రెండింటికీ ఒకటే కాబట్టి ఆ కన్వర్టరు లోపల మార్చేదేమీ ఉండదు, ఒక ఆకారపు సూదులను మరో ఆకారానికి కలుపుతుంది, అంతే. అందుకే బొమ్మ ఇంత చక్కగా వస్తోంది, అందుకే శబ్దం అసలు బయలుదేరడమే లేదు. తర్వాతి కాలపు గ్రాఫిక్స్ కార్డులు కొన్ని డీవీఐ రంధ్రం గుండా కూడా శబ్దాన్ని పంపుతాయి కానీ, అలాంటి కార్డే అయితే మీ జాబితాలో రెండో పేరు కనిపించి ఉండేది. మీరు ఎన్ని కేబుళ్లు మార్చినా, ఎన్ని డ్రైవర్లు వేసినా ఫలితం ఉండదు.

దీనికి కొత్త కంప్యూటరు అక్కరలేదు. రెండు కొనలా 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఉండే ఆడియో కేబుల్ ఒకటి కొనండి. మూడు నుంచి ఐదు మీటర్ల పొడవున్నా ఫరవాలేదు. ఒక కొనను కంప్యూటరు వెనుకనున్న ఆకుపచ్చ జాక్‌లో పెట్టండి. రెండో కొన విషయంలో జాగ్రత్త అవసరం: టీవీకి హెడ్‌ఫోన్ గుర్తు ఉన్న జాక్ కూడా అదే కొలతలో ఉంటుంది కానీ అది శబ్దం బయటికి వచ్చే దారి, లోపలికి వెళ్లే దారి కాదు. మీకు కావలసిన జాక్ పక్కన పీసీ ఆడియో ఇన్ అనో, డీవీఐ ఆడియో ఇన్ అనో రాసి ఉంటుంది. అలాగే టీవీ వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రాలు రెండో మూడో ఉంటే వాటిలో ఒకదాని పక్కన డీవీఐ అని రాసి ఉందేమో చూసి, కేబులును దానికి మార్చండి. ఆ జాక్ నుంచి వచ్చే శబ్దాన్ని టీవీ ఈ రంధ్రం బొమ్మతోనే జత చేస్తుంది. కొన్ని టీవీలలో ఇది కూడా చాలదు. సోర్సుల జాబితాలో ఆ రంధ్రానికి పేరు మార్చే వీలు ఉంటుంది, అక్కడ డీవీఐ పీసీ అనే పేరు ఎంచుకుంటే తప్ప టీవీ ఆడియో జాక్ వైపు చెవి పెట్టదు.

ఇది చదివే ఇతరులకు కూడా ఒక మాట చెప్పాలి. అసలైన హెచ్‌డీఎంఐ రంధ్రమే ఉన్న ల్యాప్‌టాప్ కలిపి, ఎవరో సోర్సుకు డీవీఐ పీసీ అని పేరు పెట్టి ఉంటే, కేబుల్ గుండా వచ్చిన శబ్దాన్ని టీవీ వదిలేసి ఖాళీ జాక్ కోసం ఎదురుచూస్తుంది. అలాంటివారు ఆ పేరును తీసేయాలి.

మీది సముద్రపు గాలి తగిలే ప్రాంతం కాబట్టి, ఏళ్ల తరబడి వాడని టీవీ జాక్‌లో చిలుము పట్టి ఉండవచ్చు. పిన్నును నాలుగైదు సార్లు లోపలికీ బయటికీ ఆడించి, అటూ ఇటూ తిప్పితే చాలావరకు శుభ్రపడుతుంది. కంప్యూటరు వాల్యూమ్‌ను ముప్పాతిక వంతు దగ్గర ఉంచి, మిగిలిన హెచ్చుతగ్గులు టీవీ రిమోటుతోనే చేసుకోండి.

ప్రశ్న వేసినవారు

మాస్టారూ, శబ్దం వచ్చింది. టీవీ వెనుక రెండో హెచ్‌డీఎంఐ పక్కన మీరు చెప్పినట్టే డీవీఐ అని చిన్న అక్షరాలతో ఉంది. పిన్ను పెట్టగానే కరకరమంది, రెండుసార్లు తిప్పేసరికి ముందు చిరతలు వినిపించాయి, ఆ వెంటనే నాయనగారి గొంతు. అమ్మ కథ పూర్తయ్యేదాకా మంచం దిగలేదు. అయితే రెండు చిన్న లోపాలు మిగిలాయి. మాట టీవీ ఎడమ వైపు నుంచే వస్తోంది, దాని కింద ఎప్పుడూ గుయ్యిమనే సన్నటి మోత ఉంది.

జవాబు (ఒంగోలు, కంప్యూటర్ల మరమ్మతు)

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. ముందుగా రంధ్రం సంగతి అడగకుండా డ్రైవర్ల దాకా వెళ్లడం నా పొరపాటు, అందుకు మన్నించండి.

ఒక వైపే మాట వస్తోందంటే కెమెరాకు ఒకే మైకు కలిపి తీసి ఉంటారు. టేపులో రెండో స్పీకరుకు వెళ్లాల్సిన శబ్దం ఖాళీగా ఉండిపోతుంది. విండోస్ 10 సెట్టింగ్స్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్ లోపల ఆడియో అనే చోట మోనో ఆడియోను ఆన్ చేస్తే ఆ గొంతే రెండు స్పీకర్లలోనూ వినిపిస్తుంది. పిన్ను సగమే దిగినా ఇలాగే ఉంటుంది కాబట్టి దాన్ని కూడా ఒకసారి గట్టిగా నొక్కి చూడండి.

మోతకు ఎక్కువగా ఎర్తు తేడా కారణం. సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ టీవీ వైరును ఒక నిమిషం ఊడదీసి చూడండి. మోత ఆగిపోతే కారణం అదే. టీవీ, సెట్‌టాప్ బాక్సు, కంప్యూటరు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆడియో కేబుల్ మధ్యలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. కొందరు కంప్యూటరు ప్లగ్గుకున్న మూడో పిన్నును తీసేస్తే మోత పోతుందని సలహా ఇస్తారు, ఆ పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పెట్టె లోపల ఏ తీగ తగిలినా పై రేకుకు కరెంటు వస్తుంది, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు.

జవాబు (కనిగిరి)

మేడమ్, గంటకు 13 జీబీ అంటే అవి టేపు నుంచి ఉన్నదున్నట్టు దించిన డీవీ ఫైళ్లు (డీవీ అంటే ఆ చిన్న టేపుల కెమెరాల వీడియో పద్ధతి, మాస్టారు చెప్పిన డీవీఐ వేరు). 4 జీబీకి మించిన ఒకే ఫైలును ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవు తీసుకోదు. ఎక్సెఫ్ఏటీ లేదా ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో తీసుకుంటుంది కానీ, డీవీ ఫైళ్లను చదివే టీవీలు అరుదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో వాటిని ఎంపీ4గా, బొమ్మ హెచ్.264లో, శబ్దం ఏఏసీలో ఉండేలా మార్చుకుంటే గంట కథ ఒకటి రెండు జీబీల్లో సరిపోతుంది, పెన్‌డ్రైవు నుంచే టీవీలో ఆడే అవకాశం ఎక్కువ. అసలు ఫైళ్లను మాత్రం చెరపకుండా ఒక బయటి హార్డ్ డిస్కులోకి ఈ వారంలోనే కాపీ చేయండి. ఆ కంప్యూటరు వయసు చూస్తే, మీ శబ్దం సమస్య కంటే నాకు దాని లోపలి డిస్కు గురించే ఎక్కువ భయంగా ఉంది.

ప్రశ్న వేసినవారు

మోనో పెట్టాను, మాట రెండు వైపులా సమంగా వస్తోంది. మూడు ప్లగ్గులూ ఒకే బోర్డుకు మార్చాక మోత దగ్గరికి వెళ్లి చెవి పెడితే తప్ప తెలియడం లేదు. హార్డ్ డిస్కు తెచ్చాను, పదకొండు కథల్లో ఏడు కాపీ అయ్యాయి, ఎనిమిదోది ఎక్కుతోంది.