ధ్రువీకరణ అంటే సర్టిఫికెట్టా, చీలికా? అమెరికా ప్రైమరీల దగ్గర ఇరుక్కున్న మాట

అనువాదపు అవస్థ:
పెద్దలందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రైమరీలని, అంటే పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఓటర్లే ముందుగా తేల్చే ఎన్నికలని, బయటి దేశాలవాళ్లు ఎలా చూస్తారు అన్నదాని మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నా, అందులో పోలరైజేషన్ (జనం రెండు ఎదురెదురు వైపులకి జరిగిపోవడం) అన్న మాట పేరాకి రెండుసార్లు తగులుతోంది. హిందీవాళ్లు హాయిగా ధ్రువీకరణ అనేస్తారు, మన పేపర్లలోనూ అప్పుడప్పుడూ కనిపిస్తుంది, కానీ మనకి ధ్రువీకరణ అనగానే ఎమ్మార్వో ఆఫీసూ కుల ధ్రువీకరణ పత్రమూ గుర్తొస్తాయి కదా. "ప్రైమరీలు ఓటర్ల ధ్రువీకరణకు దారితీస్తున్నాయి" అని రాసి ఇంట్లో చూపిస్తే, ఓహో ఓటర్ల కాగితాలు చెక్ చేస్తున్నారా, మంచిదే అన్నారు. ఏం రాయమంటారు?

ఫిజిక్స్ సార్:
తెలుగు మీడియం ఇంటర్ పుస్తకాల్లో కాంతి పోలరైజేషన్‌ని ధ్రువణం అంటామమ్మా. రాజకీయ ధ్రువణం అనేయండి, సర్టిఫికెట్ గొడవ వదిలిపోతుంది.

రిటైర్డ్ డెస్క్:
ధ్రువణం క్లాసులో బాగానే ఉంటుంది సార్, పేపర్లో పెడితే మళ్లీ బ్రాకెట్లో ఇంగ్లీషు మాట పెట్టాల్సిందే. సంస్కృతంలో ధ్రువ అంటే కదలనిది, స్థిరమైనది, ధ్రువనక్షత్రం అందుకే. ఆ గట్టిపరచడం అనే అర్థం మనకి ధ్రువీకరించడంలో స్థిరపడిపోయింది, ఇంకో అర్థం అక్కడ ఇమడదు. మా రోజుల్లో సందర్భాన్ని బట్టి మోహరింపు అనో, నిట్టనిలువునా చీలిక అనో రాసుకునేవాళ్లం. అయితే అమ్మా, మాట వెతికేముందు ఒకటి చూడండి, మీ వాక్యంలో ఎవరు ఎవరికి దూరం జరుగుతున్నారు? రిపబ్లికన్లూ డెమొక్రాట్లూ ఎదురెదురు నిలబడేది నవంబర్‌లో, అసలు ఎన్నికలో. ప్రైమరీ అంటే అచ్చంగా ఇంటిపోరు. 2016లో రిపబ్లికన్ల వైపు పేరున్న అభ్యర్థులే 17 మంది, వాళ్లలో వాళ్లే తిట్టుకున్నారు, ఇటు హిల్లరీ క్లింటన్, బెర్నీ శాండర్స్ జూన్ దాకా లాగారు. మన భాషలో స్వపక్షంలో విపక్షం. దీనికి రెండు ధ్రువాల బొమ్మ అతకదు.

ప్లేనో నుంచి:
అంకుల్ చెప్పింది కరెక్టే కానీ సగమే. నేను టెక్సాస్‌లో ఉంటా, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నా కాబట్టి ఓటు లేదు, అంటే ఇంట్లో కూర్చున్న బయటివాణ్ణి అనుకోండి. ఇక్కడ ఓటరు లిస్టులో పార్టీ పేరు ఉండదు, ప్రైమరీ రోజు పోలింగ్ దగ్గర ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడుగుతారు, ఏదో ఒకటే ఇస్తారు. అదే పెన్సిల్వేనియా అయితే ముందే ఆ పార్టీ కింద రిజిస్టర్ అయి ఉండాలి, ఇండిపెండెంట్లకి అడుగుపెట్టే వీలే లేదు. సరే ఇన్ని రకాలుగా పెట్టినా వచ్చేదెవరు? 2016లో అంత హడావిడి జరిగినా ఓటు హక్కున్నవాళ్లలో రెండు పార్టీలకీ కలిపి మూడో వంతు మంది కూడా రాలేదు. వచ్చేవాళ్లు కరడుగట్టిన కార్యకర్తలు, అభ్యర్థి వాళ్లకి నచ్చేలా మాట్లాడాలి, మధ్యలో ఉన్నవాడు అప్పటికి ఇంట్లో టీవీ చూస్తుంటాడు. సౌత్ కరోలినాలో ఆ ఏడాది ట్రంప్‌కి వచ్చింది 32.5 శాతం, డెలిగేట్లు, అంటే చివర్లో అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ ప్రతినిధులు, మాత్రం మొత్తం 50కి 50. ఊళ్లో మూడో వంతు మెచ్చినవాడికి ఊరంతా రాసిచ్చేశారు. ఇండియా నుంచి చూసేవాళ్లకి ఇదేం లెక్క అనిపిస్తది గానీ, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు మనదే అనే పద్ధతి మనకీ ఉంది కదా, కాబట్టి మరీ నవ్వలేం.

అనువాదపు అవస్థ:
కరడుగట్టిన!! ఈ మాట ఎందుకు తట్టలేదో నాకు.

కరీంనగర్ పోరడు:
అన్నా నాకైతే గిది మస్తు గమ్మత్తు అనిపిస్తది. అక్కడోళ్లు ప్రైమరీని క్రియ లెక్క గూడ వాడుతరంట గద, నిన్ను ప్రైమరీ చేస్త అంటే నీ సీట్ల నీ పార్టోడినే నీ మీదికి నిలబెడ్త అని బెదిరింపు. మన దగ్గర బెదిరింపు పైకెళ్లి వస్తది, హైకమాండ్ బీ-ఫారం ఇయ్యదు, ఖతం. ఆడ కింది నుంచి వస్తది. గందుకే ఆ లీడర్లు తమ కార్యకర్తలకే భయపడుతరు. మనోళ్లు ఢిల్లీకి, హైదరాబాదుకు భయపడుతరు. ఏది నయమో మీరే చెప్పున్రి.

రిటైర్డ్ డెస్క్:
పోరడు మంచి పాయింటు పట్టాడు. మన దగ్గరా ఒకసారి అయింది, 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ సీట్లలో ప్రైమరీలు పెట్టింది. వడోదరలో గెలిచినాయన చివరికి తప్పుకోవాల్సొచ్చింది, అక్కడ మోదీ నిలబడేసరికి మధుసూదన్ మిస్త్రీని దింపారు. ఇంకెవరూ ఆ ఊసెత్తలేదు.

మెల్‌బోర్న్ అక్క:
కాస్త అడ్డు చెప్తా ఏమనుకోకండి. ప్రైమరీ అనగానే కరడుగట్టినవాళ్లే గెలుస్తారని బయటినుంచి చూసే మనందరికీ ఒక అలవాటు అయిపోయింది. 2008లో మెక్‌కెయిన్, 2012లో రోమ్నీ, 2020లో బైడెన్ ప్రైమరీలు గెలిచారు, వీళ్లెవరూ ఆ చివర ఉన్నవాళ్లు కాదు. బైడెన్‌కి మొదట్లో ఓటింగ్ జరిగిన రాష్ట్రాల్లో, ఐయోవాలో నాలుగో స్థానం, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానం, పని అయిపోయింది అన్నారు, సౌత్ కరోలినాలో నల్లజాతి ఓటర్లు నిలబెట్టారు. ట్రంప్ పార్టీలో కూడా, 2024లో ఆయన మీద పోటీకి దిగిన నిక్కీ హేలీ మార్చిలోనే తప్పుకున్నా మే నెల ఇండియానా ప్రైమరీలో ఆమెకి 20 శాతం పైన పడ్డాయి. అంటే ఇల్లంతా ఒక్క ముద్ద కాదు. మా ఆస్ట్రేలియాలో ఓటు వెయ్యకపోతే 20 డాలర్లు ఫైన్, అందుకే పార్టీలు మధ్యలోవాళ్లని కూడా పట్టించుకుంటాయి అంటారు ఇక్కడివాళ్లు, అది ఓటింగు గొప్పతనమో ఫైను గొప్పతనమో మరి. కానీ అభ్యర్థిని మాత్రం పార్టీలోపలే తేల్చుకుంటారు, అమెరికాలోలాగా ఊరందరినీ పిలిచి అడగరు.

ప్లేనో నుంచి:
అక్కా, అధ్యక్ష పదవి దాకా మీరన్నది ఒప్పుకుంటా. ఎంపీల దగ్గరికి వస్తే చూడండి. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకి ఓటేసిన రిపబ్లికన్లు పదిమంది. నలుగురు మళ్లీ నిలబడలేదు, నలుగురు ప్రైమరీలో ఓడిపోయారు. ఆ ఓడినవాళ్లలో లిజ్ చెనీకి వయోమింగ్‌లో 30 శాతం కూడా రాలేదు. మిగిలింది ఇద్దరు, ఒకాయన కాలిఫోర్నియా ఒకాయన వాషింగ్టన్, రెండు చోట్లా పార్టీల వారీ ప్రైమరీ లేదు, అందరి పేర్లూ ఒకే బ్యాలెట్ మీద, మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు.

మెల్‌బోర్న్ అక్క:
ఓడిన నలుగురిలో ఒకావిడది కూడా వాషింగ్టనే తమ్ముడూ. పద్ధతి మారిస్తే మొత్తం మారిపోతుందని రాసుకోవద్దు.

ఫిజిక్స్ సార్:
నా ధ్రువణం వాపసు తీసుకోను గానీ, ఇక్కడ జరిగేది ధ్రువణం కాదు, ఘనీభవనం.

అనువాదపు అవస్థ:
సార్ 😄 అయితే ఇలా పెడుతున్నా. రెండు పార్టీల మధ్య దూరం అన్నచోటల్లా మోహరింపు లేదా చీలిక. ప్రైమరీల లోపల జరిగేదానికి "మద్దతుదారులు కరడుకట్టడం". అభ్యర్థుల గొడవకి ఇంటిపోరు. ఒకే ఇంగ్లీషు మాటకి మూడు తెలుగు మాటలు వచ్చాయని ఎడిటర్ అడిగితే ఆ వ్యాసకర్త మూడు సంగతుల్ని ఒకే మాటలో కుక్కేశాడని చెప్తా. అక్క చెప్పిన మినహాయింపులు వ్యాసంలో లేవు, అనువాదకురాలి నోట్ పెట్టొచ్చంటారా?

రిటైర్డ్ డెస్క్:
పెట్టండి, రెండు లైన్లు దాటకుండా. ధ్రువీకరణ మాత్రం ఎక్కడా మిగలకుండా చూడండి.

కరీంనగర్ పోరడు:
అక్కా మరి ఒక్కరోజే శానా రాష్ట్రాలల్ల ప్రైమరీలు జరిగే సూపర్ ట్యూస్‌డేకి ఏం పెట్టినవ్? మహా మంగళవారమా?

రిటైర్డ్ డెస్క్:
దాన్ని ముట్టుకోకండి బాబూ, జనం హనుమంతుడి గుడికి బయల్దేరతారు.