డిజైన్ చదువులో ‘మన సంస్కృతి’కి మార్కులు ఉండాలా?

హెబ్బాళ అమ్మ

మా అమ్మాయి ఇక్కడ బెంగళూరులోనే ఒక డిజైన్ కాలేజీలో రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న జ్యూరీకి, అంటే విద్యార్థుల పని చూసి మార్కులు వేసే నిపుణుల బృందానికి చూపించడానికి, చిన్నపిల్లల గదిలో పెట్టుకునే చెక్క దీపం చేసింది. పనితనం బాగుందన్నారు, కానీ ఇందులో మన సంస్కృతి ఎక్కడుందని అడిగి మార్కులు తగ్గించారు. అదే రకం దీపానికి కలంకారీ నెమలి ప్రింటు అతికించిన ఇంకో అబ్బాయికి మంచి మార్కులు వేశారు. మేం నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. పిల్ల పుట్టి పెరిగిందంతా అపార్ట్‌మెంట్‌లోనే. తన బతుకులో లేనిదాన్ని పనిలో చూపించమంటే ఎలా? డిజైన్ నేర్చుకునేవాళ్లకు సంస్కృతి తప్పనిసరి పాఠంగా ఉండాలా, లేక అది సృజనకు అడ్డమా? ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

కోరమంగళ యూఎక్స్

అడ్డమేనండి. జర్మనీలో చదివే పిల్లను ఎవరూ మీ ఊరి పాత నగిషీ పెట్టి చూపించమని అడగరు. మనల్నే అడుగుతారు. ఎందుకంటే బయటివాళ్లు మన దగ్గర చూడాలనుకునేది అదే, మన కాలేజీలూ ఆ కళ్లతోనే చూడటం అలవాటు చేసుకున్నాయి. లక్షలు ఫీజు కట్టి, అప్పులు చేసి చదివే పిల్లలు వీళ్లు. ఇష్టమున్నవాళ్లు ఎలెక్టివ్‌గా తీసుకుంటారు, తప్పనిసరి ఎందుకు?

యలహంక స్టూడియో

నేను ఇదే నగరంలో ప్రొడక్ట్ డిజైన్ పాఠాలు చెబుతాను. హెబ్బాళ అమ్మ గారూ, మీ అమ్మాయికి అన్యాయమే జరిగింది. కానీ దానికి సంస్కృతిని పాఠంలోంచి తీసేయడం మందు కాదు.

ఆ నెమలి సంగతే చూడండి. శ్రీకాళహస్తిలో కలంకారీ చేసేవాళ్లు బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. ఆ పాల వల్లే కలంతో గీసిన రంగు పక్కకు పాకదు. బెల్లం, ఇనుము నానబెట్టి పులియబెట్టిన నీళ్లతో గీస్తే, బట్టకు పట్టిన కరక్కాయతో కలిసి నలుపు తేలుతుంది. ఒక్కో దశ తర్వాత బట్టను పారే నీళ్లలో ఉతకాలి. స్వర్ణముఖిలో నీళ్లు లేకపోతే ఆ పని ఎక్కడ చేయాలన్నది వాళ్లకు పెద్ద చిక్కు. డిజైన్ విద్యార్థి బుర్ర పెట్టాల్సిన ప్రశ్నలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ప్రింటు తీసి దీపానికి అతికించిన అబ్బాయికి వీటిలో ఒక్కటీ ఎదురై ఉండదు. ఆ మార్కులు బొమ్మకు పడ్డాయి, అవగాహనకు కాదు.

మన ప్రభుత్వం పిలిస్తే అమెరికా నుంచి డిజైనర్లు ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు వచ్చి, దేశమంతా తిరిగి 1958లో ఒక నివేదిక రాశారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ) పుట్టడానికి అదే పునాది. అందులో వాళ్లు అన్నిటికన్నా మెచ్చుకున్న వస్తువు మన ఇళ్లలోని చెంబు. దాని మీద నగిషీ గురించి కాదు వాళ్లు రాసింది. ఎన్ని నీళ్లు పట్టాలి, ఆడవాళ్ల చేతికా మగవాళ్ల చేతికా ఇమడాల్సింది, నెత్తిన మోస్తారా చంకన పెట్టుకుంటారా, వంచినప్పుడు నీళ్లు ఎలా జారాలి, లోపల తోమడం ఎలా, ఖరీదెంత అని వరసగా అడుగుతూ పోయారు. సంస్కృతి అంటే నాకు తెలిసి ఈ ప్రశ్నలే. వాళ్లు ఇక్కడ పుట్టలేదు, అయినా చూడగలిగారు. కాబట్టి అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లకు ఇది అందదని నేను ఒప్పుకోను.

జ్యూరీ ఆ దీపాన్ని చూసి అడగాల్సినవి వేరే ఉన్నాయి. పిల్లాడు నేల మీద కూర్చుని చదువుతాడా, మంచం మీదా? అదే గదిలో నాయనమ్మ పడుకుంటే వెలుతురు ఆమె కళ్లలో పడుతుందా? కరెంటు పోతే ఎవరు లేచి వెలిగిస్తారు? వీటికి మీ అమ్మాయి దగ్గర జవాబులు ఉంటే ఆ దీపంలో సంస్కృతి ఉన్నట్టే.

కోరమంగళ యూఎక్స్

మీరు చెప్పింది యూజర్ రీసెర్చ్, అంటే వాడేవాళ్ల అవసరాలు, అలవాట్లు తెలుసుకోవడం. దాన్ని ప్రపంచమంతా నేర్పుతారు. దానికి సంస్కృతి అనే పెద్ద పేరు పెట్టి మార్కులు వేస్తే, చివరికి నెమలే గెలుస్తుంది. జ్యూరీకి త్వరగా కనబడేది అదే కదా.

అక్షరాల పిచ్చి

యూఎక్స్ గారూ, ప్రపంచమంతా నేర్పే ఆ రీసెర్చ్‌లో మన తెలుగు ఎందుకు జారిపోతోంది మరి? చాలా యాప్‌లలో ‘రాష్ట్రం’ అని వస్తే కింది వత్తులు సగానికి తెగిపోతాయి. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి పెట్టేసి, తెలుగును తెచ్చి అందులో పోస్తారు. మన అక్షరం కిందికి ఎంత దిగుతుందో గీసినవాడికి తెలియదు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లే కానీ తలకట్టు దగ్గరే తేడా తెలిసిపోతుంది. బెంగళూరులో కూర్చుని రెండు భాషలకూ పనిచేసే డిజైనర్లు ఆ తేడా చూడకపోతే ఎలా?

వరాహ ఒడ్డు

మాది ఏటికొప్పాక. మా నాన్న ఇప్పటికీ లక్క బొమ్మలు చేస్తారు, నేను వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఈ చర్చలో అందరూ విద్యార్థుల వైపు నుంచే మాట్లాడుతున్నారు, మా ఇంటి వైపు నుంచి కూడా కొంచెం వినండి.

మా ఊళ్లో అంకుడు కర్ర వాడతారు. బెంగళూరుకు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న చన్నపట్నంలోనూ అదే చెట్టు, వాళ్లు ఆలె మర అంటారు. లేత్ మీద తిరిగే కర్రకు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. పనంతా గుండ్రంగానే సాగుతుంది. కాలేజీ పిల్లలు కంప్యూటర్లో పదునైన మూలలతో బొమ్మలు గీసుకొస్తారు. నాన్న ఏమీ అనరు, చేసి చూపిస్తారు. ఆగి కొన్ని వారాలు ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే గీతలు మార్చుకుంటారు. పొద్దున వచ్చి సాయంత్రం బస్సెక్కేవాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్తారు. అందుకని వెళ్తే ఉండాలి, లేకపోతే రావద్దు. తప్పనిసరి అన్న పేరుతో బస్సు నింపి పంపిస్తే మాకు పని చెడుతుంది, పిల్లలకూ ఏమీ రాదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. కాలేజీ ప్రదర్శనలో ఆ బొమ్మ కింద విద్యార్థి పేరు, గైడ్ పేరు ఉంటాయి. చేసిన చేతి పేరు ఉండదు. మా బొమ్మలకు 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా అంటారు. కానీ ఆ చట్టం ముఖ్యంగా పేరును కాపాడుతుంది, ఆకారాన్ని కాదు. కొల్హాపురీ చెప్పులకు 2019లో జీఐ వచ్చింది, మహారాష్ట్రతో పాటు మన కర్ణాటకలో బెళగావి, ధారవాడ, బాగల్‌కోట, విజయపుర జిల్లాలకూ కలిపి. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ఇటలీకి చెందిన ప్రాడా సంస్థ అచ్చం అలాంటి చెప్పులే చూపించింది, కొల్హాపురీ ఊసైనా ఎత్తలేదు. ఇక్కడ గొడవయ్యాకే భారతీయ చెప్పుల స్ఫూర్తి అని ఒప్పుకుంది. అప్పుడు మనమంతా కోపం తెచ్చుకున్నాం. మన కాలేజీ గోడ మీద అదే జరిగితే ఎవరికీ కోపం రాదు.

సంస్కృతికి మార్కులు పెట్టాలనుకుంటే జ్యూరీలో ఒక పనివాణ్ణి కూర్చోబెట్టండి. బయటి నుంచి వచ్చే నిపుణుడికి ఎంత ఇస్తారో ఆయనకూ అంతే ఇవ్వండి. నెమలికి మార్కులు వేయాలో వద్దో ఆయన చెబుతాడు.

కోరమంగళ యూఎక్స్

పేరు వేయాలన్న మాట వంద శాతం ఒప్పుకుంటాను, అందులో వాదన లేదు. మార్కుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. జ్యూరీలో పనివాడున్నా, అతనికి నచ్చేలా చేయడం అలవాటవుతుంది. కొత్తగా ఆలోచించిన పిల్ల మళ్లీ నష్టపోతుంది.

యలహంక స్టూడియో

ఆ భయం ఏ జ్యూరీతోనైనా ఉన్నదే. ఇప్పుడున్న జ్యూరీకి నచ్చేలా చేయడం వల్లే కదా నెమళ్లు పుడుతున్నాయి. నా అనుభవంలో లేత్ మీద చెయ్యి ఆడినవాళ్లు కొత్తదాన్ని చూసి బెదరరు. అతికించిందేదో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

హెబ్బాళ అమ్మ

వరాహ ఒడ్డు గారూ, ఈ మాట నేను పేరెంట్స్ మీటింగ్‌లో అడుగుతాను. మీ నాన్నగారి లాంటివాళ్లు జ్యూరీకి రావాలంటే కాలేజీ ముందుగా ఏం ఏర్పాటు చేయాలో చెప్పండి.

వరాహ ఒడ్డు

రాను పోను ఖర్చు, ఆ రోజు పోయే కూలి ఎలాగూ ఇవ్వాలండి. వాటికన్నా ముందు భాష సంగతి తేలాలి. అక్కడ జ్యూరీ అంతా ఇంగ్లీషులో నడుస్తుంది, నాన్నకు ఇంగ్లీషు రాదు. పిల్లలు ఆ రోజు తమ పని గురించి తెలుగులో, చన్నపట్నం నుంచి ఎవరైనా వస్తే కన్నడలో, చెప్పగలిగేలా కాలేజీ ముందే సిద్ధం చేయించాలి.