వైజాగ్‌లో పద్మినీనా, మారుతి 800నా?

ఆదివారాలు బీచ్ రోడ్డులో తిప్పడానికి, అప్పుడప్పుడు సింహాచలం కొండెక్కడానికి ఒక పాత కారు కొనాలనుకుంటున్నాను. రెండు బేరాలు తగిలాయి. ఒకటి 1984 ప్రీమియర్ పద్మినీ (అదే, మన పాత ఫియట్): 1089 సీసీ, కార్బ్యురేటర్, స్టీరింగ్ పక్కన గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. రెండోది 2003 మారుతి 800: 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బ్యురేటర్ బదులు ఎంపీఎఫ్ఐ (ఎలక్ట్రానిక్‌గా పెట్రోలు చిమ్మే పద్ధతి). బుద్ధి మారుతి అంటోంది. మనసు మాత్రం పద్మినీ దగ్గరే ఆగిపోయింది, ఆ ముందు బెంచీ సీటు చూశాక ఇంకేం చెప్పను!

నా అసలు టెన్షన్ తుప్పు. రెండిటికీ విడిగా ఛాసిస్ (అడుగున ఉండే ఫ్రేమ్) లేదు, బరువంతా బాడీయే మోయాలి. మనది ఉప్పుగాలి. పద్మినీ డ్రైవర్ వైపు మ్యాట్ ఎత్తి వేలితో నొక్కితే రేకు లోపలికి పోయింది, పెయింట్ మాత్రం నిగనిగ. మారుతికి డోర్ల అడుగున బుడగలు.

ఫ్లోర్ రేకు మార్చి వెల్డింగ్ చేయిస్తే పద్మినీ నిలబడుతుందా? గాజువాక, కంచరపాలెం వైపు పాత ఫియట్ పని తెలిసిన మెకానిక్ ఇంకా ఉన్నారా? ఇద్దరు పెద్దవాళ్ళతో ఘాట్ దిగేటప్పుడు ఆ డ్రమ్ బ్రేకులను నమ్మొచ్చా? రెండూ పదిహేనేళ్ళు దాటినవే కాబట్టి, ఆర్‌సీ రెన్యువల్ చేయించుకున్నవాళ్ళు ఫిట్‌నెస్‌లో ఏం చూశారో కూడా చెప్పండి.