పాత సున్నపు కట్టడానికి సెన్సార్లు: విశాఖ పాత నగరంలో ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతనగరవాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. విశాఖపట్నం పాత నగరంలో, కురుపాం మార్కెట్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, మా తాతల తరం వారు చందాలు పోగుచేసి కట్టించిన పఠన మందిరం ఒకటి ఉంది. ఇటుక గోడలు, గానుగ సున్నం, టేకు దూలాల మీద మద్రాసు టెర్రస్ కప్పు, అంటే ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన చదును కప్పు. రక్షిత కట్టడాల జాబితాలో ఇది లేదు కనుక దీని బాగోగులన్నీ మా చిన్న ట్రస్టువే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు సముద్రం వైపు గోడ బాగా నానిపోయింది. ఆ పైయేడు దానికి సిమెంటు పూత పూయించాము. గట్టిగా ఉంటుందని మేమే అడిగి మరీ చేయించుకున్నాము. ఇప్పుడు ఆ పూత అంచుల వెంట ఇటుక పొడిపొడిగా రాలుతోంది. అదే గోడలో ఒక కిటికీ పక్కనుంచి ఏటవాలుగా బీట తీసింది. రెండేళ్ల క్రితం అందులో కాగితం మాత్రమే దూరేది, ఈ వేసవిలో రూపాయి నాణెం అంచు దూరింది.

ఒక సంస్థ వారు వచ్చి కట్టడమంతటినీ లేజర్ స్కాన్ చేసి, నలభై సెన్సార్లు బిగించి, సమాచారాన్ని తమ సర్వర్‌లో ఉంచి, ఏటా రుసుము తీసుకుంటామని చెబుతున్నారు. వారు అడిగిన మొత్తం మా మూడేళ్ల నిర్వహణ ఖర్చు కన్నా ఎక్కువ. అంత అవసరమా? అసలు ఏమి కొలవాలి, ఎంతకాలం కొలవాలి? మా తరువాత వచ్చేవారు కూడా కొనసాగించగలిగే పద్ధతి ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

సున్నపుగోడ:

అయ్యా, నేను పాత కట్టడాల మరమ్మతులు చూసే ఆర్కిటెక్టును. మీ ప్రశ్నలో సెన్సార్ల కన్నా ముందు నా కంటికి ఆనింది ఆ సిమెంటు పూత. సున్నంతో కట్టిన గోడ వానాకాలంలో పీల్చుకున్న చెమ్మను ఎండాకాలంలో పైపూత గుండా బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పరిస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోయి, పూత ఎక్కడ ఆగిందో ఆ అంచు దగ్గర బయటపడుతుంది. గోడలోని ఉప్పు కూడా దానితోనే అక్కడికి చేరుతుంది. ఇటుక రాలుతున్నది సరిగ్గా అక్కడే అని మీరే రాశారు.

సముద్రపు గాలి తెచ్చే ఉప్పులో ప్రధానమైనది మనం వంటలో వాడే సోడియం క్లోరైడే. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే అది చెమ్మను పీల్చుకుని కరుగుతుంది, అంతకన్నా తగ్గితే మళ్లీ స్ఫటికమవుతుంది. ఇటుక రంధ్రాలలో ఆ స్ఫటికాలు పెరిగినప్పుడల్లా లోపలి నుంచి ఒత్తిడి పడి, పొర తరువాత పొర ఊడుతుంది. అంటే ఎప్పుడూ తేమగా ఉండే గోడకైనా, ఎప్పుడూ పొడిగా ఉండే గోడకైనా అంత ప్రమాదం లేదు. ఆ 75 శాతం గీతను పదేపదే అటూ ఇటూ దాటే గోడకే ఎక్కువ ముప్పు. సముద్రపు గాలి, నేల గాలి పూటపూటకూ మారే మన ఊరిలో ఒక్క రోజులోనే ఆ గీతను దాటి వెనక్కి రావడం మామూలే.

కాబట్టి మీకు మొదట కావలసినవి గంటకొకసారి ఉష్ణోగ్రతను, తేమను నమోదు చేసే రెండు చిన్న లాగర్లు మాత్రమే. ఒకటి గది లోపల ఆ గోడకు దగ్గరగా, మరొకటి బయట వాన, ఎండ తగలని చోట ఉంచండి. నెల సగటు చూసి తృప్తి పడవద్దు, తేమ 75 శాతం గీతను ఎన్నిసార్లు దాటిందో లెక్కపెట్టండి. కిటికీ రెక్కలు ఏ వేళ తెరవాలో, ఏ వేళ మూయాలో ఆ లెక్కే చెబుతుంది, దానికి విద్యుత్తు ఖర్చు కూడా ఉండదు. పుస్తకాల కోసమని ఏసీ పెట్టాలన్న ఆలోచన ఉంటే మాత్రం దయచేసి ఆగండి. నేను చూసిన ఒక పాత భవనంలో ఏసీ పెట్టిన మొదటి సంవత్సరమే లోపలి పూత పెచ్చులుగా ఊడిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా పొడిబారడంతో గోడలోని ఉప్పంతా లోపలి ముఖానికి వచ్చి గడ్డకట్టింది.

సిమెంటును ఒకేసారి గీకించవద్దు, బలంగా పట్టుకున్న చోట అది ఇటుక ముఖాన్ని కూడా పీకుతుంది. ముందు ఒక చదరపు అడుగు మేర తీయించి చూసి, అక్కడ సున్నపు పూత వేయించండి. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే చాలు, సిమెంటుకు సుమారు 1450 డిగ్రీలు కావాలి. పైగా సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంత తిరిగి తీసుకుంటుంది. పర్యావరణానికి మేలు చేసే పద్ధతిలో సంరక్షణ అన్నప్పుడు ఈ లెక్కను కూడా కలుపుకోవాలని నా అభిప్రాయం.

కొలబద్ద:

బీట గురించి మాత్రం చెబుతాను. లేజర్ స్కానర్ గోడ ఆకారాన్ని కొన్ని మిల్లీమీటర్ల ఖచ్చితత్వంతో పట్టుకుంటుంది. మీ బీట నెలకు కదిలేది మిల్లీమీటరులో పదో వంతు కావచ్చు. ఏటా స్కాన్ చేయించినా ఆ కదలిక అందులో కనిపించదు.

బీటకు ఒక వైపు రెండు, మరొక వైపు ఒకటి చొప్పున మూడు తుప్పు పట్టని స్టీలు పిన్నులను త్రికోణంగా బిగించండి. ఊడే పూతలో కాకుండా ఇటుకల మధ్య అతుకులోనే బిగిస్తే, తరువాత తీసినా ఇటుకకు దెబ్బ తగలదు. వాటి మధ్య దూరాలను, మిల్లీమీటరులో చిన్న వంతులను కూడా చూపే డిజిటల్ వెర్నియర్ అనే కొలత పరికరంతో వారానికొకసారి, ఒకే వేళలో, వీలైతే ఒకే మనిషి కొలిచి, ఆ పూట ఉష్ణోగ్రతతో సహా రాయాలి. మూడు పిన్నులు ఎందుకంటే బీట వెడల్పవుతోందా, లేక ఒక వైపు గోడ కిందికి జారుతోందా అన్నది రెండు పిన్నులతో తేలదు.

కనీసం ఒక పూర్తి సంవత్సరం కొలవకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. గోడ ఎండకు వ్యాకోచిస్తుంది, చలికి ముడుచుకుంటుంది. ఏడాది తిరిగేసరికి అంకె మొదటి చోటికే వస్తే అది ఋతువులతో వచ్చే కదలిక. రాకపోతే బీట పెరుగుతున్నట్టే. నడుమ అది ఒక్కసారిగా పెరిగితే మాత్రం ఏడాది కోసం చూడకుండా నిర్మాణ ఇంజనీరును పిలవండి.

ఆ నలభై సెన్సార్ల గురించి సంస్థ వారిని రెండు ప్రశ్నలు అడగండి. ఉప్పు గాలిలో వాటి ఆయుష్షు ఎంత? ఒప్పందం ముగిశాక మీ సమాచారం మీ చేతికి ఏ రూపంలో వస్తుంది? సమాధానం రాతలో ఇవ్వకపోతే సంతకం చేయవద్దు.

ఛాయాచిత్రం:

కొలబద్ద గారు చెప్పినదంతా బీట విషయంలో నిజమే కానీ, స్కాన్ వల్ల ఉపయోగం లేదన్న అభిప్రాయం కలగకూడదని రాస్తున్నాను. పారిస్‌లోని నోత్రదామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్ర ఆచార్యుడు 2010లో లేజర్‌తో స్కాన్ చేశారు. ఆయన 2018లో మరణించారు. 2019 ఏప్రిల్ 15న కప్పు కాలిపోయినప్పుడు ఆ కొలతలు పునర్నిర్మాణానికి ఆధారాలలో ఒకటిగా నిలిచాయి. 2024 డిసెంబరులో ఆ చర్చి మళ్లీ తెరుచుకుంది. తుపాన్ల తీరంలో ఉన్న మనకు కనీసం ఒక్క సమగ్రమైన నమోదు తప్పనిసరి.

అయితే దానికి లేజరే అక్కరలేదు. మంచి కెమెరాతో, ఒక్కో ఫొటో ముందుదానితో 70 నుంచి 80 శాతం వరకు కలిసేలా, మబ్బు పట్టిన రోజున గోడలన్నీ తీయండి. కొలత తెలిసిన ఒక కర్రను ప్రతి గోడ దగ్గరా ఫ్రేములో ఉంచండి. మెష్‌రూమ్, కోల్‌మ్యాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆ ఫొటోల నుంచి త్రిమితీయ నమూనా తయారుచేస్తాయి. మరుసటి ఏడాది నమూనాను క్లౌడ్‌కంపేర్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పాతదానితో పోల్చితే ఎక్కడ పూత ఊడిందో రంగుల్లో చూపిస్తుంది. నమూనా కన్నా అసలు ఫొటోలే విలువైనవి. వాటిని రెండు డిస్కులలో, రెండు వేర్వేరు ఇళ్లలో దాచండి.

కప్పు ఫొటోల కోసం డ్రోన్ ఎగరేయాలనుకుంటే నౌకాదళం, ఓడరేవు, విమానాశ్రయం ఉన్న ఊరు కాబట్టి ముందు డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూసి, అనుమతి తీసుకున్నాకే ఎగరేయండి. మీ కట్టడానికైతే పొడవాటి కర్రకు కట్టిన కెమెరా చాలునని నాకనిపిస్తోంది.

పాతనగరవాసి:

మీ అందరికీ కృతజ్ఞతలు. లాగర్లు, వెర్నియర్ కొనడానికి ట్రస్టు నిన్న ఒప్పుకుంది. చదువుకోవడానికి రోజూ వచ్చే ఇద్దరు విద్యార్థులు వారం వారం కొలతలు రాస్తామని ముందుకు వచ్చారు. పిన్నుల కోసం చోటు వెతుకుతూ ఉంటే ఒక విషయం బయటపడింది. ఆ కిటికీ మీద ఉన్నది చెక్క కాదు, పూతలో కప్పి ఉన్న ఇనుప దూలం. ఏటవాలు బీట సరిగ్గా ఆ దూలం చివర గోడలోకి దిగే చోటే మొదలవుతోంది.

సున్నపుగోడ:

అయితే క్రమం మారాలి. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది, చుట్టూ ఉన్న ఇటుకను అదే నెట్టి పగలగొడుతుంది. హుద్‌హుద్ నాడు నానిన గోడకు సిమెంటు కప్పడంతో ఆ దూలం చివర ఇన్నేళ్లుగా తడిలోనే ఉండి ఉండవచ్చు. పిన్నులు బిగించండి, కొలతలు మొదలుపెట్టండి, కానీ ఏడాది ఆగకుండా ఈ నెలలోనే ఇంజనీరు సమక్షంలో, కిటికీ కింద ఆసరా పోటు నిలబెట్టించి, దూలం చివర చుట్టూ పూతను జానెడు మేర జాగ్రత్తగా తీయించి చూడండి. తీయక ముందు ఒక ఫొటో, తీశాక ఒక ఫొటో కొలకర్రతో సహా తీసి ఇక్కడ పెడితే, దూలాన్ని శుభ్రం చేసి ఉంచవచ్చో మార్చాలో కలిసి ఆలోచిద్దాము.