బలమైన ప్రమోటర్ పెట్టిన తరువాత ఎమైలేజ్ దిగుబడి తగ్గడానికి కారణం ఏమిటి?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, గుంటూరు
నమస్కారం. నూలుబట్టకు పట్టించిన గంజిని తొలగించేందుకు వాడే ఆల్ఫా ఎమైలేజ్ అనే ఎంజైమ్‌ను బ్యాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాలో తయారుచేయిస్తున్నాను. జన్యువు మరో బాక్టీరియా బ్యాసిల్లస్ ఎమైలోలిక్విఫేసియన్స్‌ది. పాత ప్రమోటర్‌కు (జన్యువును పనిచేయించే డీఎన్‌ఏ భాగానికి) బదులు బలమైనది పెట్టాక ఎంఆర్‌ఎన్‌ఏ (జన్యువు నకలు) పెరిగింది గాని, ద్రవంలో ఎంజైమ్ చర్య తగ్గింది. కణాల సాంద్రతలో మాత్రం పెద్ద తేడా లేదు. లోపాన్ని జన్యువులో వెతకాలా, పెంచే పద్ధతిలో వెతకాలా?

జవాబు 1
జన్యువులో కాదు, పొర దాటిన తరువాతి దశలో వెతకండి. ఈ ఎంజైమ్ సెక్ మార్గం (ప్రోటీన్లను కణం బయటికి పంపే దారి) గుండా మడతపడని అమైనో ఆమ్లాల గొలుసుగానే పొరను దాటి, పొరకూ కణకవచానికీ నడుమనున్న ఇరుకు చోటులో, పీఆర్‌ఎస్‌ఏ అనే ప్రోటీన్ సాయంతో, కాల్షియం అయాన్లను పట్టుకుని రూపు దిద్దుకుంటుంది. మిర్చియార్డుకు బస్తాలు ఎన్ని తోలినా కాటా ఒక్కటే అయితే సరుకు గేటు దగ్గరే నిలిచిపోతుంది గదా! అలా పేరుకున్న గొలుసులను సీఎస్‌ఎస్‌ఎస్ అనే గ్రాహకం పసిగట్టి సీఎస్‌ఎస్‌ఆర్ అనే నియంత్రక ప్రోటీన్‌ను మేల్కొలిపితే, హెచ్‌టీఆర్‌ఏ, హెచ్‌టీఆర్‌బీ అనే ప్రోటియేజుల (ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైముల) తయారీ పెరుగుతుంది. మీరు ఎంఆర్‌ఎన్‌ఏ ఎలాగూ కొలుస్తున్నారు కనుక, అదే నమూనాలో ఈ రెండు జన్యువులనూ కొలవండి. పాత ప్రమోటర్ కణాలతో పోల్చినప్పుడు అవి బాగా పెరిగి ఉంటే, అది స్రావక ఒత్తిడే, అంటే బయటికి పంపే దారిలో ప్రోటీన్ పేరుకోవడమేనని చెప్పవచ్చు.

జవాబు 2: విజయవాడ నుండి
పై జవాబుకు ఒక చేర్పు. సీఎస్‌ఎస్‌ఎస్, సీఎస్‌ఎస్‌ఆర్‌ల జంట (సీఎస్‌ఎస్ వ్యవస్థ) వేడికి కూడా స్పందిస్తుంది కాబట్టి, ఉష్ణోగ్రత అదుపులో లేకుండా చేసిన కొలతతో వేడి, స్రావక ఒత్తిడి అనే రెండు కారణాలను విడదీయలేము. మన మే నెలలో శీతలీకరణ లేని షేకర్‌ను (ఫ్లాస్కులను ఊపే యంత్రాన్ని) 30 డిగ్రీల దగ్గర పెట్టినా అది గది వేడి కంటే కిందికి దిగదు. తెరమీద కనిపించే అంకెను గాక, ఫ్లాస్కులోని ద్రవాన్నే థర్మామీటరుతో చూడండి. శీతలీకరణ ఉన్న షేకర్ దొరికితే, ప్రేరకం (ప్రమోటర్‌ను పనిలోకి దించే రసాయనం) వేసిన తరువాత 30 డిగ్రీలకు దించి చూడండి. తయారీ నెమ్మదించినా మడతకు వ్యవధి దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ. హెచ్‌టీఆర్‌ఏ, హెచ్‌టీఆర్‌బీ రెండింటినీ తొలగిస్తే సరిపోతుందా?

జవాబు 1
ఆ పని చేయవద్దు. ఒకటి పోతే రెండోది పెరుగుతుంది, రెండూ పోతే కణం ఎదుగుదలే దెబ్బతింటుంది. పీఆర్‌ఎస్‌ఏ మోతాదు పెంచడం మేలు. ఎమైలేజుల స్రావం దానితో పెరుగుతుందని ఇదివరకే తేలింది. దానికంటే ముందు, కణాలను తీసేసిన ద్రవాన్ని రెండు భాగాలు చేసి, ఒకదానికి పీఎంఎస్‌ఎఫ్ (సెరీన్ ప్రోటియేజులనే రకాన్ని ఆపే రసాయనం) కలిపి, రెండింటినీ 37 డిగ్రీల వద్ద ఉంచండి. కలపనిదానిలో మాత్రమే చర్య పడిపోతే బయటి సెరీన్ ప్రోటియేజులూ మీ ఎంజైమ్‌ను తింటున్నట్లే. అప్పుడు ఎనిమిది ప్రోటియేజులు తొలగించిన డబ్ల్యూబీ800 అనే బ్యాసిల్లస్ సబ్టిలిస్ రకాన్ని తీసుకోవచ్చు. ఈ పరీక్షకు ఈడీటీఏ మాత్రం వాడకండి, ఎమైలేజ్‌కు కావలసిన కాల్షియాన్ని అది లాగేసి ఫలితాన్ని తారుమారు చేస్తుంది.